బ్రదికి వచ్చిన బిడ్డల యెడ మన విధి

రోగమును తరిమివేయుటతో వైద్యుని పని ముగియునని లోకము చాలకాలము నమ్మినది. మృత్యుముఖమునుండి మరలిన బిడ్డను తల్లి యొడిలో నుంచి, "ఇక భయము లేదు, ఇంటికి పొండు" అని చెప్పుటకంటె వైద్యశాల చేయదగినది మరియేమున్నదని మనమును తలచితిమి. ఆ మాట యెంత మధురమైనదో అంత యసంపూర్ణమైనది. బాల్యమున క్యాన్సరు వాతబడి బ్రదికిన వారిలో పలువురకు, రోగము పోయినను చికిత్స విడిచిన గుర్తులు పోవు. అవి పది యేండ్లకో యిరువది యేండ్లకో గుండెయందును, ఎముకలయందును, చెవియందును, బుద్ధియందును బయటపడుచుండును. నాటికి ఆ బిడ్డ బిడ్డగా నుండడు. ఆసుపత్రి అతనిని మరచియుండును. అతడును ఆసుపత్రిని మరచియుండును. ఈ మరపును మాన్పుట యెట్లు, అందును ఖమ్మము భద్రాచలముల యడవి సరిహద్దున మాన్పుట యెట్లు, అనునదియే నేడు మన మాలోచింపవలసిన విషయము.

ఈ విషయమున మాటాడుటకు తెలుగువారికి ప్రత్యేకమైన బాధ్యత కలదు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్యకళాశాలలో చదువు నాళ్లలో ఖద్దరు ధరించి ఆంగ్లేయాచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. తో తృప్తిపడవలసినవారైరి. 1923లో అమెరికా చేరి, తుదకు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనాధిపతులైరి. వారి యాధ్వర్యవముననే ఫోలిక్ ఆమ్లమును, దానికి విరుద్ధముగా పనిచేయు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులును తయారైనవి. ఆ అమినోప్టెరిన్‌ను బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరను వైద్యుడు రక్తక్యాన్సరుచే మరణోన్ముఖులైన 16 మంది బిడ్డల కిచ్చి చూచెను. వారిలో 10 మందికి వ్యాధి కొంతకాలము తగ్గుముఖము పట్టెనని 1948లో ప్రకటించెను. అంతకు పూర్వము ఆ వ్యాధికి మందన్నది లేదు. ఆ యేటి ఆగస్టు నెలలోనే సుబ్బారావుగారు న్యూయార్కులో కన్నుమూసిరి. నేటికిని రక్తక్యాన్సరు సోకిన బిడ్డలకు మెథోట్రెక్సేటు లేనిదే చికిత్స సాగదు. కొత్తగూడెమున నున్న బిడ్డకును, బోస్టనులో నున్న బిడ్డకును ఒక్కటే మందు. దానికి మూలపురుషుడు ఒక తెలుగువాడు.

1948 నాటి యా స్వల్పవిజయము క్రమముగా పెరిగినది. 1962లో అమెరికా దేశపు మెంఫిస్ నగరమున తెరువబడిన సెయింట్ జూడ్ ఆసుపత్రియందు డొనాల్డ్ పింకెల్ అను వైద్యుడు 1967, 68 సంవత్సరములలో అవలంబించిన పద్ధతిచే రక్తక్యాన్సరు బిడ్డలలో సగముమంది శాశ్వతముగా స్వస్థులైరి. నేడు సంపన్న దేశములలో క్యాన్సరు సోకిన బిడ్డలు నూటికి 80 మందికి పైగా బ్రదుకుచున్నారు. పేద దేశములు పెక్కింట నూటికి 30 మంది సైతము బ్రదుకుట లేదు. ఈ యంతరము సిగ్గుపడదగినదని గుర్తించియే ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2030 నాటికి లోకమంతటను నూటికి కనీసము 60 మంది బిడ్డలు బ్రదుకవలయునని 2018లో సంకల్పము చెప్పుకొన్నది. ఆ సంకల్పము నెరవేరినకొలది మన యూళ్లలో తిరుగు "బ్రదికిన బిడ్డల" సంఖ్య పెరుగుచునే యుండును. వారినిగూర్చి ముందుగా ఆలోచింపని ప్రభుత్వము, వానకాలము వచ్చిన పిమ్మట ఇల్లు కప్పుకొను సంసారివంటిది.

చికిత్స గుర్తులు విడుచుటకు కారణము సులభముగనే తెలియును. క్యాన్సరు కణములు త్వరత్వరగా విభజన చెందును. వానిని చంపు మందులు అట్లు విభజన చెందు కణముల నన్నింటిని కొట్టును. పెరుగుచున్న బిడ్డ శరీరములో అట్టివి యెన్నియో కలవు. పైగా ఒక్కొక్క మందు ఒక్కొక్క యవయవమున తన ముద్ర వేయును. డాక్సోరూబిసిన్, డౌనోరూబిసిన్ అనునవి గుండె కండరమును బలహీనపరచును. సిస్‌ప్లాటిన్ వినికిడిని, మూత్రపిండములను దెబ్బతీయును. సైక్లోఫాస్ఫమైడు అధికమైనచో సంతానయోగ్యత తగ్గును. స్టీరాయిడ్లచే తుంటి యెముక క్షీణింపవచ్చును. మెదడునకు కిరణచికిత్స జరిగినచో ఎదుగుదలయు, చదువును మందగించును. ఛాతీకి జరిగిన బాలికలకు యౌవనముననే రొమ్ము క్యాన్సరు వచ్చు ప్రమాదము హెచ్చు. అందరకును అన్నియు రావు; అనేకులు సుఖముగనే జీవింతురు. కాని ఎవరికేది రానున్నదో ముందు చూచుకొనుటకు ఎవరికే మందు ఎంత యిచ్చిరో తెలిసియుండవలయును గదా!

ఈ మాటలు భయపెట్టుటకు చెప్పినవి కావు. 1970 మొదలు 1986 వరకు అమెరికాలో బాల్యక్యాన్సరు బయటపడి, ఐదేండ్లకు మించి బ్రదికిన 10,397 మందిని పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితములివి: వ్యాధి తెలిసిన ముప్పదియేండ్లకు నూటికి 73 మందికి ఏదో యొక దీర్ఘవ్యాధి ప్రాప్తించినది, 42 మందికి అది తీవ్రమైనదియో, ప్రాణాంతకమైనదియో అయినది. వారి యన్నదమ్ములతో, అక్కచెల్లెండ్రతో పోల్చి చూడగా తీవ్రవ్యాధుల ప్రమాదము ఎనిమిది రెట్లు. నాటి చికిత్సలకంటె నేటి చికిత్సలు మృదువైన మాట నిజమే. అవి మృదువగుటకు కారణ మేమని విచారించినచో మన వాదమునకు మూలబలము అచ్చటనే దొరకును.

పింకెల్ నాటి పద్ధతిలో ప్రతి బిడ్డ తలకును కిరణచికిత్స జరిగెడిది. ప్రాణము నిలిచినది; కాని కొన్ని యేండ్లకు ఆ బిడ్డలు బడిలో వెనుకబడుటయు, పొట్టిగా నుండిపోవుటయు కనబడినది. ఎవరికి కనబడినది? బ్రదికిన బిడ్డలను విడువక, ఏటేట పిలిచి చూచుచు వచ్చిన వైద్యులకు. వారు చూచిరి గనుక కిరణచికిత్సను తగ్గించుచు వచ్చిరి. తుదకు 2009లో ఆ ఆసుపత్రి వైద్యులే దానిని బొత్తిగా మానియు బిడ్డలను బ్రదికింపవచ్చునని నిరూపించిరి. ఇంటికి పంపి మరచిన వైద్యునకు తన చికిత్సలోని దోషము జన్మమునకు తెలియదు. కావున బ్రదికిన వారిని కనిపెట్టియుండుట వారియందలి దయ మాత్రమే కాదు. రేపు రోగము వచ్చు బిడ్డల పట్ల కర్తవ్యమును గూడ. మన దేశమున ఈ సత్యమును ముందుగా గ్రహించిన వైద్యశాలలలో బొంబాయి టాటా స్మారక ఆసుపత్రి యొకటి. చికిత్స ముగించుకొన్న బిడ్డలకై అచ్చట 1991లోనే ప్రత్యేక వైద్యశాఖ నేర్పరచిరి.

ఇక మన సరిహద్దు సంగతి. భద్రాచలమునుండి హైదరాబాదు 300 కిలోమీటర్ల పైచిలుకు. భద్రాచలము రోడ్డు అని పేరు పెట్టుకొన్న రైలు స్టేషను సైతము భద్రాచలమున లేదు. గోదావరి కీవల, నలువది కిలోమీటర్ల దూరమున కొత్తగూడెములో నున్నది. అడవిలోని గూడెమున కాపురముండు కోయ దంపతులు బిడ్డకు రక్తక్యాన్సరని విన్ననాడు, నడకతో, ఆటోతో, బస్సుతో ప్రయాణము సాగించి హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రికో, మరియొకచోటికో చేరవలయును. ఈ చికిత్స రెండు మూడేండ్లు సాగును. ఆ రెండు మూడు వేసవులును తునికాకు కోత పోవును; ఇప్పపువ్వు ఏరుట పోవును; పోడు చేను పొరుగువాని పాలగును. 2007లో ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము వైద్యపు ఖర్చు భరించుట గొప్ప మేలే. కాని అది చికిత్సకు వెల చెల్లించుటకు పుట్టిన పథకము. చికిత్స ముగిసిన యిరువది యేండ్లకు గుండె పరీక్ష జరిగినదా లేదా యని కనుగొనుటకు పుట్టినది కాదు.

ఇంత శ్రమపడి బిడ్డను బ్రదికించుకొని గూడెము చేరిన తల్లిదండ్రులకు మరల హైదరాబాదు పొమ్మన్నచో పోవుదురా? బిడ్డ ఆడుకొనుచున్నాడు, అన్నము తినుచున్నాడు, జుట్టు మరల మొలిచినది. ఆసుపత్రి కాగితముల సంచి ఇంటి చూరున వ్రేలాడుచు, వాన చినుకులకు తడిసి, చెదలకు ఆహుతియగును. ఆ కాగితములయందే యున్నది డాక్సోరూబిసిన్ లెక్క. శరీరవైశాల్యమున చదరపు మీటరునకు ఆ మందు మొత్తము 250 మిల్లీగ్రాములు ముట్టినచో, అంతకు మించినచో, ఆ గుండెను రెండేండ్ల కొకమారు ఎకో పరీక్ష చేయింపవలయునని వైద్యుల నిర్ణయము. చెదలు తిన్నది కాగితమును కాదు, ఆ బిడ్డ భావికాలపు రక్షణను.

సరిహద్దు చిక్కు మరియొకటి కలదు. 1959లో తూర్పు గోదావరినుండి ఖమ్మము జిల్లాలో కలిసిన యీ ప్రాంతము 2014లో మరల చీలినది. చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచినది. ఊరి చుట్టునున్న పల్లెలు ఒక రాష్ట్రము, ఊరు మరియొక రాష్ట్రము! ఆ మండలముల జనులు అనేకులు నేటికిని భద్రాచలము ఆసుపత్రికే వచ్చుచుందురు. 2005 పిమ్మట ఛత్తీస్‌గఢ్ కల్లోలమునకు వెరచి వచ్చి మన యడవులలో గుడిసెలు వేసికొన్న గుత్తికోయలలో ఏ కార్డును లేనివారు పెక్కురు. ఏ రాష్ట్రపు కార్డు, ఏ జిల్లా పుస్తకము, ఏ చిరునామా అను ప్రశ్నల నడుమ, ఏండ్లు గడచిన వెనుక ఒక పాతరోగిని వెదకి పట్టుకొనుట సామాన్యమా? గుండెకు ఎల్లలు తెలియవు. ఎల్లలు తెలిసినది మన దస్తరములకే.

ప్రభుత్వపు ఏర్పాటులను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూచినచో లోపము స్పష్టమగును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకును, పాఠశాలలకును పోయి, పుట్టినది మొదలు 18 ఏండ్ల వరకు బాలబాలికలను పరీక్షించును. రక్తపుపోటు, మధుమేహము, క్యాన్సరులకై ఊరూర జరుగు పరీక్షలు 30 ఏండ్లు నిండినవారితో ఆరంభమగును. ఈ రెంటికిని నడుమ పండ్రెండేండ్ల బయలు. సామాన్యుల విషయమున ఆ వయస్సు ఆరోగ్యదశయే గనుక బాధ లేదు. బాల్యమున క్యాన్సరు నెదిరించిన వారికో, గుప్తముగా నున్న నష్టము తల యెత్తునది ఆ దశలోనే. ఛాతీకి కిరణచికిత్స జరిగిన బాలికకు 25వ యేటినుండియే రొమ్ము పరీక్షలు జరుగవలయును. ముప్పది వరకు ఆగుట తగదు.

ఆ పండ్రెండేండ్లలోనే కూలిపని, పెండ్లి, ప్రసవము. ఆరేండ్ల ప్రాయమున రక్తక్యాన్సరునుండి బయటపడిన బాలిక యిరువదేండ్లకు ప్రసవమునకై ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు వచ్చినదనుకొందము. గర్భభారము, ప్రసవవేదన గుండెకు పెద్ద పరీక్ష. ఆమె గుండె బలహీనమని ముందుగా తెలిసియున్నచో, పెద్ద ఆసుపత్రికి తరలించి, తగిన వైద్యుని చెంత నుంచి, తల్లిని బిడ్డను కాపాడవచ్చును. తెలియనిచో, ఆయాసము నీరసమని, నీరసము రక్తహీనమని సరిపెట్టుకొని, ప్రమాదము ముంచుకొని వచ్చువరకు ఎవరును మేల్కొనరు. అచ్చటి నర్సమ్మను నిందించి ఫలమేమి? ఆమె చేతికి ఒక్క కాగితము ముక్క అందజేయనివారము మనము.

ఇచ్చట ఒక యాక్షేపణ వచ్చును. "మన్యమున మలేరియా యున్నది, పాముకాటున్నది, పురిటి మరణములున్నవి. క్యాన్సరు సోకిన బిడ్డలే కొలదిమంది. వారిలో బ్రదికినవారు మరియు కొలది. ముందు బ్రదికింపుడు, పిమ్మట బ్రదికినవారి మాట చూతము" అని. ఈ మాటలో సత్యము లేకపోలేదు. రోగమేదో తెలియకయే మరణించు బిడ్డలు, చికిత్సను నడుమ విడిచి మరలిపోవు బిడ్డలు ఈ యడవిలో నున్న మాట కాదనజాలము. కాని మేము కోరునది నూతన సౌధమును కాదు. రక్తపుపోటు పరికరము ప్రతి ఉపకేంద్రమున నున్నది. కొత్తగూడెమున 2022లో, ఖమ్మమున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. పదిమంది కొరకు కొత్తగా కావలసినది ఒక జాబితా, ఒక పుస్తకము, ఒక దినము. కొలదిమంది యగుటచేతనే యిది సులభసాధ్యము. లక్షలు వెచ్చించి బ్రదికించిన ప్రాణమును వందల ఖర్చునకు వెనుదీసి పోగొట్టుకొనుట ఏ యర్థశాస్త్రము? మరియు, చికిత్స పొంది యేపుగా పెరిగిన యువకు డొకడు గూడెమున కనబడుచున్నచో, నడుమ మరలిపోదలచిన తలిదండ్రులకు అతనిని మించిన ప్రచారకు డుండడు.

ఆ యువకుడు కనబడకుండుటకు మరియొక హేతువు మన సంఘమున నున్నది. పుట్టకురుపను పేరు పలుకుటకే జంకెడి జాతి మనది. ఆడపిల్లకు చిన్ననాట ఆ జబ్బు చేసినదని తెలిసినచో సంబంధము తప్పిపోవునని కన్నవారు దాతురు. దాచుటకై కాగితములను చింపుదురు. కాగితము లేనిచో వైద్యు డేమి చేయును? ఇది పట్టణములలో మరియు నధికము. క్యాన్సరు అంటువ్యాధి కాదు. బ్రదికినవారి సంతానమునకు అది సాధారణముగా సంక్రమింపదు. కంటి రెటీనాలో వచ్చు రెటినోబ్లాస్టోమా వంటి కొన్ని మాత్రము వంశానుగతము కావచ్చును. అట్టివారి బిడ్డలను పుట్టినప్పటినుండి కంటివైద్యునికి చూపినచో చూపును, ప్రాణమును రెండును దక్కును. ఫ్రాన్సు దేశమున 2016లో నొక శాసనము చేసి, స్వస్థులై నిర్ణీత కాలము గడచినవారు భీమా సంస్థలకు తమ పూర్వరోగమును చెప్పనక్కరలేదనిరి. 2022లో ఆ గడువును ఐదేండ్లకు కుదించిరి. రోగికి రోగమును మరచిపోవు హక్కు నిచ్చుట నాగరికత. వైద్యునకు మరచిపోవు హక్కు నిచ్చుట అనాగరికత. మనదేశమున రెండవది నడచుచున్నది. మొదటిది యింకను రాలేదు.

కావున మేము సూచించునవి నాలుగు. మొదటిది: చికిత్స ముగిసిననాడు ప్రతి బిడ్డకును తెలుగులో నొక చిన్న పుస్తకము, నీటికి తడువనిది, ఇవ్వవలయును. అందు రోగము పేరు, ఇచ్చిన మందులు, వాని మొత్తము, కిరణచికిత్స జరిగిన చోటు, ఏ వయస్సున నే పరీక్ష చేయింపవలయునో వ్రాసియుండవలయును. ఒక ప్రతి ఇంటను, ఒక ప్రతి ఉపకేంద్రమునను నిలువవలయును. 2021 నుండి దేశమున నడచుచున్న ఆరోగ్యసంఖ్యతో దానిని ముడిపెట్టుట మంచిదే. కాని సంకేతము లందని గూడెములలో కాగితమే నమ్మకము.

రెండవది: కొత్తగూడెము, ఖమ్మము వైద్యకళాశాలలలో నెల కొకదినమును ఈ పనికై కేటాయించి, హైదరాబాదు క్యాన్సరు వైద్యులతో సంబంధము కలుపవలయును. ఏటి కొకమారు హైదరాబాదు పోలేనివాడు కొత్తగూడెము రాగలడు. రానుపోను ఖర్చును భద్రాచలము గిరిజనాభివృద్ధి సంస్థ భరింపవలయును. మూడవది: పద్దెనిమిదేండ్లు నిండగానే పేరు కొట్టివేయక, ఆ జాబితాను ముప్పదియేండ్ల వరకు ఉపకేంద్రపు నర్సుల యొద్దను, ఆశా కార్యకర్తల యొద్దను కొనసాగింపవలయును. ఆశ్రమపాఠశాలల యుపాధ్యాయులకును ఈ సంగతి తెలియవలయును. చదువులో వెనుకబడిన బిడ్డ సోమరి కాకపోవచ్చును, వినికిడి తగ్గినవాడు కావచ్చును. పొగాకును ముట్టవలదని అట్టి బిడ్డలకు చిన్ననాటినుండియే నేర్పవలయును. దెబ్బతిన్న గుండెకు ధూమపానము రెండవ శత్రువు. నాలుగవది: ఎల్లకు రెండువైపులను గల ప్రభుత్వములు ఈ కొలదిమంది విషయమున నొక యొడంబడిక చేసికొని, పుస్తకము చూపినవానిని ఏ కార్డని యడుగక పరీక్షింపవలయును.

పఠనమందిరములలో కూర్చుండి యీ పంక్తులను చదువుచున్న పట్టణవాసులకును చేయవలసినది కలదు. మీ పేటలో, మీ కచేరీలో, మీ బంధువర్గమున ఇట్టివా రొకరో యిద్దరో యుందురు. వారిని జాలితో చూడకుడు. సంబంధము వచ్చినప్పుడు వెనుకకు తగ్గకుడు. ఉద్యోగ మడుగ వచ్చినప్పుడు పూర్వరోగమును సాకుగా చేయకుడు. హైదరాబాదు పోవు పేద తల్లికి దారి చూపుడు. మరలివచ్చిన తల్లిని కాగితములు భద్రముగా నున్నవా యని యడుగుడు.

ప్రాణదానము చేసితిమని గర్వించుట చాలదు. ప్రాణముతో పాటు పని చేయు సత్తువ, చదువుకొను తెలివి, తల్లి కాగల ధైర్యము దక్కినప్పుడే ఆ దానము పూర్ణము. సుబ్బారావుగారి మందు సముద్రములు దాటి మన యడవికి వచ్చి బిడ్డను బ్రదికించినది. కొత్తగూడెమునుండి గోదావరి దాటి ఆ బిడ్డ గూడెమునకు మనము పోలేమా?